స్టీల్‌హెడ్ పడని రోజుల్లో ఏం నేర్చుకోవాలి?

సియాటిల్ చుట్టుపక్కల చేపల వేట సరదా ఉన్న తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. చాలామంది చెరువుల్లో ట్రౌట్‌తో మొదలుపెడతారు. ఆ తర్వాత సాల్మన్. ఆ రెండూ పట్టాక చూపు స్టీల్‌హెడ్ మీద పడుతుంది. వేట మానేసేది కూడా ఎక్కువగా అక్కడే. ఇక్కడి వేటగాళ్లు దీన్ని ‘వెయ్యి విసుర్ల చేప’ అంటారు. వెయ్యిసార్లు గాలం విసిరితే ఒక్కటి తగులుతుందని వాళ్ల లెక్క.

నేను బోథెల్‌లో ఉంటాను. మొదటి రెండు శీతాకాలాల్లో స్కైకోమిష్ నదికి 22 సార్లు వెళ్లాను. ఒక్క స్టీల్‌హెడ్ కూడా ఒడ్డుకు రాలేదు. మూడో ఏడాది జనవరిలో మొదటిది పడింది. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన ఆ రోజుల్లో నన్ను నిలబెట్టిన పద్ధతులేమిటో, ఈ చేప గురించి మొదలుపెట్టే ముందు తెలిసి ఉండాల్సిన సంగతులేమిటో ఈ వ్యాసంలో ఒక చోట పెడుతున్నాను. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇందులో చాలాభాగం పనికొస్తుంది.

అసలు ఇది ఏ చేప?

రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ రెండూ ఒకే జాతి. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. జీవితమంతా మంచినీటిలోనే గడిపేస్తే రెయిన్‌బో ట్రౌట్. ఒకటి నుంచి మూడేళ్లు నదిలో పెరిగి, సముద్రానికి వెళ్లి, అక్కడ బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి వస్తే స్టీల్‌హెడ్. ఊటీ దగ్గర అవలాంచిలోనూ, మున్నార్ కొండల్లోనూ బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ కూడా ఈ జాతే.

గోదావరి జిల్లాల వాళ్లకైతే ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరి వరదకు ఎదురీది వస్తే పులస. చేప ఒకటే, నదిలోకి వచ్చాక పేరు మారుతుంది, విలువా మారుతుంది. స్టీల్‌హెడ్ కథా అలాంటిదే.

పసిఫిక్ సాల్మన్ జాతులు గుడ్లు పెట్టాక చనిపోతాయి. స్టీల్‌హెడ్ అలా కాదు. కొన్ని బతికి సముద్రానికి వెళ్లిపోయి, మళ్లీ ఇంకో ఏడాది నదికి వస్తాయి. ఇందులో రెండు గుంపులున్నాయి. మే నుంచి అక్టోబర్ దాకా నదిలోకి వచ్చేవి వేసవి చేపలు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వచ్చేవి శీతాకాలపు చేపలు. వాషింగ్టన్ రాష్ట్రం 1969లో స్టీల్‌హెడ్‌ను తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది.

ఎందుకింత కష్టం?

మొదటి కారణం సంఖ్య. స్నోహోమిష్ నదీ వ్యవస్థలోకి బేసి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ లక్షల్లో వస్తుంది. దాంతో పోలిస్తే స్టీల్‌హెడ్ చాలా కొద్ది. ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో ఫెడరల్ ప్రభుత్వం ముప్పులో ఉన్న చేపల జాబితాలో చేర్చింది. అందుకే కొన్ని ఏళ్లు సీజన్ పూర్తిగా తెరవరు, కొన్నిసార్లు మధ్యలోనే మూసేస్తారు.

రెండో కారణం దాని తిండి. గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చిన పెద్ద చేప ఆకలితో వెతుక్కుంటూ తిరగదు. అలవాటు వల్లనో, చిరాకు వల్లనో నోరు పెడుతుంది. ఎర దాని ముక్కు ముందు నుంచి పోవాలి.

మూడోది, అది ఒకచోట ఉండదు. నిన్న ఆగిన మడుగులో ఈరోజు ఉండకపోవచ్చు. నాలుగోది నీరు. వానపడితే నది బురదగా పొంగుతుంది, గడ్డకట్టే చలి వస్తే నీరు తగ్గి అద్దంలా తేటగా అవుతుంది. రెండు పరిస్థితుల్లోనూ వేట కష్టమే.

ఖాళీ చేతుల లెక్క

మనలో చాలామంది ర్యాంకుల చదువులోంచి వచ్చినవాళ్లం. ఇన్ని గంటలు చదివితే ఇన్ని మార్కులు అన్న లెక్క ఒంట్లో పట్టేసింది. నది ఆ లెక్క ఒప్పుకోదు. తప్పేమీ చేయకపోయినా సున్నా రావచ్చు. ఇది మనసుకు ఎక్కాలంటే చిన్న గణితం చాలు.

ఉదాహరణకు ఒక మోస్తరు వేటగాడికి ప్రతి పది ట్రిప్పుల్లో ఒక చేప పడే అవకాశం ఉందనుకుందాం. అంటే ఒక ట్రిప్పులో పడకపోయే అవకాశం 90 శాతం. వరసగా పది ట్రిప్పులు ఏమీ పడకపోవడానికి 0.9ని పదిసార్లు గుణించాలి. సుమారు 35 శాతం వస్తుంది. ఇరవై ట్రిప్పులకు సుమారు 12 శాతం. అంటే అంతే నేర్పు ఉన్న వంద మంది నది ఒడ్డున నిలబడితే, ఇరవై ట్రిప్పుల తర్వాత కూడా వాళ్లలో పన్నెండు మంది ఖాళీ చేతులతో ఉంటారు. వాళ్లకు వేట రాదని దానర్థం కాదు.

దీన్నుంచి నేను తీసుకున్న నిర్ణయం ఒకటే. పట్టిన చేపలతో నా ట్రిప్పును కొలవను. ప్రతి ట్రిప్పుకూ ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తాను, జవాబు దొరికిందా లేదా అని చూసుకుంటాను. ‘ఈ మడుగు లోతు ఎంత?’, ‘నీరు ఇంత ఉన్నప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ బండ దాకా ఎర చేరుతుందా?’ ఇలాంటి చిన్న ప్రశ్నలు. చేప పడకపోయినా జవాబు ఇంటికి వస్తుంది.

ముందు నీరు, తర్వాత చేప

మా నాన్నగారు రాజోలు నుంచి వచ్చి మా దగ్గర మూడు నెలలున్నారు. ఒకరోజు నాతో నదికి వచ్చి, రెండు గంటలు చూసి, “ఏరా, ఇంతసేపు నిలబడ్డావు, చేప ఏదిరా?” అన్నారు. నవ్వేశాక ఆయనే ఇంకో మాట చెప్పారు. “మన దగ్గర పులసకు వెళ్లేవాళ్లు ముందు చేపని చూడర్రా. ఎర్రనీరు దిగిందా లేదా అని చూస్తారు.” స్టీల్‌హెడ్‌కు కూడా మొదటి పాఠం అదే. రంగు మాత్రం వేరు.

ఇక్కడ మనకు కావాల్సింది వాన తర్వాత పొంగి, మళ్లీ తగ్గుతున్న నది. బురద విరిగి, నీరు లేత ఆకుపచ్చ రంగుకు వచ్చి, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా అడుగు కనిపించే సమయం మంచిది. పొంగుతున్న నదికి వెళ్లడం దండగ.

దీనికి ఇల్లు కదలక్కర్లేదు. యూఎస్ జియలాజికల్ సర్వే వాళ్లు నదుల్లో కొలమానాలు పెట్టి, నీటి ప్రవాహాన్ని సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు అని ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు చూపిస్తారు. స్కైకోమిష్‌కు గోల్డ్ బార్ దగ్గర, స్నోక్వాల్మీకి కార్నేషన్ దగ్గర అలాంటివి ఉన్నాయి. అంకె కన్నా గీత ముఖ్యం. పైకి పోతోందా, కిందికి దిగుతోందా, నిలకడగా ఉందా చూడండి. నీటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గితే చేప మందకొడిగా ఉంటుంది, ఎర కోసం దూరం కదలదు. 40ల మధ్యకు వస్తే చురుకు పెరుగుతుంది.

నదిలో ఎక్కడ వెతకాలి? మనిషి నడిచేంత వేగంతో కదిలే నీరు, మూడు నుంచి ఎనిమిది అడుగుల లోతు. వడిగా పోయే నీరు, నెమ్మదిగా పోయే నీరు పక్కపక్కన కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. చేప ఆ గీత మీద, నెమ్మది నీటి వైపు ఆగుతుంది. పెద్ద బండల ముందూ వెనకా, మడుగు ముగిసి నీరు మళ్లీ పల్చబడే చోటా ఆగుతుంది. ఎదురీది వచ్చిన చేప ఊపిరి తీసుకునే చోట్లు ఇవి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది మెరుపు తగ్గి ఈ గీతలు బాగా కనిపిస్తాయి.

ఒకే నది, ఒకే మైలు

ఈ వారం స్కైకోమిష్, వచ్చే వారం స్నోక్వాల్మీ, ఆ పై వారం ఒలింపిక్ పెనిన్సులా అని తిరిగితే ఏ నదీ తెలియదు. ఒక సీజన్ మొత్తానికి ఒక నది, అందులో ఒక మైలు ఎంచుకోండి. నేను స్కైకోమిష్‌లో గోల్డ్ బార్ దగ్గరి రైటర్ పాండ్స్ ప్రాంతం ఎంచుకున్నాను. అక్కడ రాష్ట్ర ప్రభుత్వ హ్యాచరీ ఉంది. హ్యాచరీలో పెంచి వదిలిన చేపలు తిరిగి అక్కడికే వస్తాయి కాబట్టి, కొత్తవాళ్లకు అవకాశం కాస్త ఎక్కువ. స్నోక్వాల్మీ వైపు ఉండేవాళ్లకు టోకుల్ క్రీక్ హ్యాచరీ అలాంటిదే. 268 అడుగుల స్నోక్వాల్మీ జలపాతాన్ని చేప దాటలేదు కాబట్టి వేటంతా దాని దిగువనే.

జనం ఎక్కువ ఉన్నారని విసుక్కోకండి. పక్కవాడు పట్టిన చేప మనకు ఉచిత పాఠం. ఎక్కడ నిలబడ్డాడు, ఎంత లోతుకు వదిలాడు, ఎర ఎంత వేగంతో కదిలింది, చూసి రాసుకోవచ్చు. చేప దింపేదాకా ఆగి, అభినందించి, మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు.

హ్యాచరీలకు ఎన్ని చేపలు తిరిగొచ్చాయో వాషింగ్టన్ చేపలు, వన్యప్రాణుల శాఖ సీజన్‌లో తరచుగా లెక్కలు ప్రకటిస్తుంది. అవి చూసే అలవాటు చేసుకోండి. చేపలే రాని వారంలో పడలేదని బాధపడటం అనవసరం.

నోట్‌బుక్ రాయండి

నన్ను మూడో శీతాకాలానికి తీసుకెళ్లింది ఒక నోట్‌బుక్. ప్రతి ట్రిప్పుకూ అరపేజీ. అందులో రాసేవి ఇవి: తేదీ, సమయం. ప్రవాహం అంకె, అది పెరుగుతోందా తగ్గుతోందా. నీటి ఉష్ణోగ్రత. అడుగు ఎంత లోతు దాకా కనిపించింది. ఏ చోట, ఏ లోతులో, ఏ ఎరతో. చూసిన చేపలు, పక్కవాళ్లకు పడినవి. చివర్లో ఆ రోజు ప్రశ్న, దాని జవాబు.

పది పేజీలు దాటాక మన జ్ఞాపకం చెప్పేదీ నోట్‌బుక్ చెప్పేదీ వేరువేరుగా ఉంటాయి. నా నోట్‌బుక్‌లో పక్కవాళ్లకు చేపలు పడిన రోజుల్లో ఎక్కువ భాగం నది రెండు మూడు రోజులుగా తగ్గుతున్న రోజులే. అప్పటినుంచి శనివారం అని కాకుండా, నీరు తగ్గే రోజు చూసి, ఆఫీసు మొదలయ్యే ముందు రెండు గంటలు వెళ్లడం మొదలుపెట్టాను. ట్రిప్పులు తగ్గాయి, ప్రతి ట్రిప్పుకూ విలువ పెరిగింది.

ఒకసారికి ఒకటే మార్చండి

చేప పడకపోతే చేయి ముందు ఎర రంగు మీదికి పోతుంది. గులాబీ తీసి నారింజ, నారింజ తీసి ఎరుపు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు కదా. ఇక్కడా అంతే. నా వరస ఇది: ముందు లోతు, తర్వాత వేగం, తర్వాత నిలబడే చోటు, అన్నిటికన్నా చివర రంగు.

కొత్తవాళ్లకు బెండు కట్టి, దాని కింద జిగ్ వేలాడదీసే పద్ధతి తేలిక. బెండు నీటితో సమానంగా, ఆగకుండా, లాగకుండా పోవాలి. జిగ్ నది అడుగుకు అడుగు లేదా అడుగున్నర పైన కదలాలి. అడుగుకు అస్సలు తగలడం లేదంటే పైపైన పోతోందని అర్థం. ప్రతిసారీ ఇరుక్కుంటోందంటే లోతు ఎక్కువైంది. గాలం మొన గోరు మీద జారితే మొద్దుబారినట్టే, మార్చేయండి.

నది అడుగున ఇరుక్కుని గాలాలు పోతాయి. రోజుకు అయిదారు పోవడం మామూలు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకుంటే ఆరోజు చిరాకు ఉండదు.

చేప లేకుండానే నేర్చుకునేవి

ఆగస్టులో నీరు బాగా తగ్గినప్పుడు రాడ్ లేకుండా మీ మైలు పొడవునా నడవండి. శీతాకాలంలో కనిపించని బండలు, గుంటలు, చెట్టు మొద్దులు అప్పుడు కళ్ల ముందుంటాయి. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. నాకు ఒక్క ఉదయం నడక పది ట్రిప్పుల పాఠం నేర్పింది.

బేసి సంవత్సరాల్లో ఆగస్టు, సెప్టెంబర్‌లలో పింక్ సాల్మన్ వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. చేపలు ఎక్కువ, తగలడమూ ఎక్కువ. చేప తగిలినప్పుడు తాడు బిగువు ఎలా ఉంచాలి, రీల్ ఎప్పుడు వదలాలి అన్నది చేతికి అలవాటవుతుంది. ముడులు వేయడం ఇంట్లో సోఫాలో కూర్చుని నేర్చుకోవచ్చు. చలికి వేళ్లు బిగుసుకున్నా పడే ముడి రెండు వస్తే చాలు.

వీలైతే సీజన్‌లో ఒక్కరోజు లైసెన్స్ ఉన్న గైడ్‌తో వెళ్లండి. చేప కోసం అని కాకుండా, ‘ఇక్కడే ఎందుకు ఆగాం?’ అని ప్రతిచోటా అడగడానికి.

రూల్స్, మర్యాద

వాషింగ్టన్‌లో 15 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకు లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. స్టీల్‌హెడ్‌కు లైసెన్స్‌తో పాటు క్యాచ్ రికార్డ్ కార్డ్ కూడా ఉండాలి, పిల్లలకు కూడా. ఉంచుకునే చేపను వెంటనే అందులో రాయాలి. నియమాలు నదికొకటి, నెలకొకటి. సీజన్ మధ్యలో అత్యవసర ఉత్తర్వులతో మారిపోతుంటాయి కూడా. బయల్దేరే ముందు శాఖ వారి యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చూసుకోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం వీపు మీది చిన్న రెక్క. వెన్ను రెక్కకూ తోకకూ మధ్య మెత్తగా, చిటికెన వేలి గోరంత ఉంటుంది. హ్యాచరీ చేపకు దాన్ని చిన్నప్పుడే కత్తిరిస్తారు. ఆ రెక్క ఉంటే అది నదిలో సహజంగా పుట్టిన చేప. దాన్ని వదిలేయాలి, నీటిలోంచి పూర్తిగా పైకి ఎత్తకూడదు. చేతులు తడుపుకుని, నీటిలోనే గాలం తీసి, చేప తనంతట తాను ఈదిపోయేదాకా పట్టుకుని ఉండండి. ఫొటో కోసం ఒడ్డున రాళ్ల మీద పడుకోబెట్టిన చేప వదిలాక చచ్చిపోవచ్చు. ముప్పులో ఉన్న నదిలో ఒక్క గుడ్ల చేప పోవడం కూడా పెద్ద నష్టమే.

నదిలో వలలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 1850ల ఒప్పందాల్లో ఇక్కడి మూలవాసులు తమ వేట హక్కు నిలుపుకున్నారు. 1974 ఫిబ్రవరి 12న ఫెడరల్ జడ్జి జార్జ్ బోల్ట్ ఆ హక్కును గుర్తించి, పట్టదగిన చేపల్లో సగం వరకు వాళ్లవేనని తీర్పు ఇచ్చారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ ఈ హక్కు కోసం ఎన్నోసార్లు అరెస్టయ్యారు. ఈ నదుల్లో మనకన్నా ముందు, మనకన్నా ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లు వాళ్లు.

ప్రాణం కన్నా చేప ఎక్కువ కాదు

నీళ్లలో పడి చనిపోయిన మన పిల్లల వార్తలు ఎన్నోసార్లు చదివాం. శీతాకాలపు నది ఈత వచ్చినవాణ్ని కూడా వదలదు. చన్నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. తర్వాత పది నిమిషాల్లో చేతులు, కాళ్లు స్వాధీనం తప్పుతాయి.

అందుకే గాలి నింపే లైఫ్ జాకెట్, వేడర్స్ మీద నడుముకు బిగించే బెల్ట్, చేతిలో ఊతకర్ర లేకుండా నీటిలో దిగకండి. మోకాలు దాటి దిగాల్సిన అవసరం చాలా తక్కువ. చేప తరచుగా ఒడ్డుకు దగ్గరలోనే ఉంటుంది. ఒంటరిగా వెళ్తే ఎక్కడికి, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. గోల్డ్ బార్ దాటాక కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

ఇంట్లో ఒప్పందం

చలిలో తెల్లవారుజామున వెళ్లి, ఖాళీ చేతులతో వచ్చే మనిషిని ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు భరిస్తారు? మా ఇంట్లో ఒప్పందం ఇది: నెలకు మూడు ఉదయాలు, పదింటికల్లా ఇంట్లో ఉండాలి, పిల్లల క్లాసుల రోజు అసలు లేదు. సమయం తక్కువని తెలిస్తే దాన్ని జాగ్రత్తగా వాడతాం. తినడమే లక్ష్యమైతే కాస్ట్‌కోలో పెంపకం స్టీల్‌హెడ్ దొరుకుతుంది. చింతపండు పులుసుకు బాగుంటుంది, కాకపోతే మెత్తటి చేప, ముక్క లావుగా కోసి, గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పాలి.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

గ్రేట్ లేక్స్ ప్రాంతంలో 1870ల నుంచి ఈ చేపను తెచ్చి వదిలారు. అక్కడ సరస్సే దానికి సముద్రం. క్లీవ్‌లాండ్ వాళ్లకు రాకీ నది, పెన్సిల్వేనియాలో ఈరీ చుట్టుపక్కల ఎల్క్ క్రీక్, మిషిగన్‌లో పియర్ మార్కెట్, న్యూయార్క్‌లో పులాస్కీ దగ్గరి సాల్మన్ నది పేరున్నవి. శాక్రమెంటో వాళ్లకు అమెరికన్ నది ఊళ్లోనే ఉంది. నియమాలు వేరు, నీటిని చదివే పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మొదటి ఏడాదికి ఒక ప్లాన్

ఏప్రిల్‌లో లైసెన్స్, చెరువుల్లో ట్రౌట్‌తో రాడ్ అలవాటు. ఆగస్టులో నది పొడవునా నడక, ఫొటోలు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో సాల్మన్‌తో చేతికి పని. నవంబర్‌లో ప్రవాహపు గీతలు, హ్యాచరీ లెక్కలు చూడటం మొదలుపెట్టండి. డిసెంబర్, జనవరిల్లో నది తెరిచి ఉండి, నీరు తగ్గుతున్న ఎనిమిది ఉదయాలు ఎంచుకోండి. ఎనిమిది ప్రశ్నలు రాసి పెట్టుకోండి. ఫిబ్రవరిలో నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదివి, తొమ్మిదో ప్రశ్న రాయండి. ఆ ప్రశ్న మొదటిదానికన్నా పదునుగా ఉంటే, చేప పడినా పడకపోయినా ఆ శీతాకాలం కలిసొచ్చినట్టే.